ఆఖరి గది తలుపు

అంకుల్ పోయారన్న సంగతి ఆయన ఉండే బిల్డింగ్‌లో ఎవరికీ తెలియకముందే, ఎక్కడో కరీబియన్ సముద్రం మధ్య ఒక ద్వీపంలో వంట చేసుకుంటున్న ఒకావిడకి అనుమానం వచ్చింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటున్నాను. ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అంకుల్ ఇవాళ వీడియో కాల్ చేయలేదు, మేం చేస్తే ఎత్తడం లేదు, కాస్త వెళ్ళి చూడు అని. ఆవిడ ఉన్నచోట ఎండ కాస్తుంటుంది. ఇక్కడ టొరంటోలో, నార్త్ యార్క్ వైపు, మోకాళ్ళ దాకా మంచు. ఫోన్ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయి ఉంటారని విసుక్కుంటూనే బూట్లు వేసుకుని బయల్దేరాను. సబ్‌వే రైల్లో ఎంతో దూరం లేదు.

బిల్డింగ్ చూసుకునే సూపరింటెండెంట్ తాళం తీశాడు. అంకుల్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. పొద్దున చర్చికి వెళ్ళొచ్చిన బట్టలతోనే ఉన్నారు, కోటు కూడా విప్పలేదు. నిద్రపోయారనుకుని పిలిచాను. గుండె ఆగిపోయిందని, పెద్దగా బాధపడి ఉండరని తర్వాత డాక్టర్లు చెప్పారు. ముందు మాంట్రియల్‌లో ఉన్న ఆయన కూతురికి ఫోన్ చేశాను. ఆ తర్వాత ద్వీపంలో ఆవిడకి చెప్పాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. భోజనాల హాల్లో ఉన్నవాళ్ళందరం లేచి నిలబడ్డాం, ఇంకా ఎవరమూ కూర్చోలేదు అని రాసింది.

నేను ఆయనకి బంధువుని కాను. ఆయనది బందరు అవతల సముద్రం ఒడ్డున ఒక ఊరు, మాది వరంగల్. తుఫానులకి దెబ్బతిన్న పెద్ద హోటళ్ళని మళ్ళీ కట్టించే ఒక కంపెనీలో ఇద్దరం పనిచేశాం. నేను ఇక్కడి ఆఫీసులో డ్రాయింగులు గీస్తాను. ఆయన సైట్ ఇన్‌ఛార్జ్. ఆఫీసులో అందరూ ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకుంటారని తెలిసినా, మా నాన్న వయసున్న మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. అంకుల్ అన్నాను. పక్క టేబుల్ వాళ్ళు అదే ఆయన పేరనుకున్నారు. కొన్నాళ్ళకి మేనేజర్ కూడా మీటింగుల్లో అంకుల్ ఏమన్నారు, అంకుల్‌కి చెప్పారా అని అడగడం మొదలుపెట్టాడు. ఆయన ఎవర్నీ సరిదిద్దలేదు.

ఆయన భార్య, ఆంటీ, చనిపోయిన ఏడాదే ఆయన ఆ ద్వీపానికి వెళ్ళారు. ఏళ్ళ తరబడి అక్కడే మకాం పెట్టాల్సిన పని. ఆఫీసులో పెళ్ళాం పిల్లలు ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని కూర్చుంటే ఈయన నేను వెళ్తానన్నారు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఖాళీ ఫ్లాట్‌కి తాళం పెట్టుకుని పారిపోతున్నారని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రిసార్ట్ సంగతి చెప్పాలంటే నాకు కాస్త వెటకారం వచ్చేస్తుంది. మంచం మీద నుంచి లేవకుండా సముద్రం కనపడాలి, స్నానాల తొట్టిలో పడుకుంటే సముద్రం కనపడాలి, పళ్ళు తోముకుంటున్నా సముద్రం కనపడాలి. హరికేన్ వచ్చినప్పుడు ఆ సముద్రం ఎవరూ పిలవకుండానే గదుల్లోకి వచ్చింది. పైకప్పులు లేచిపోయాయి. ఒడ్డున తెల్లటి ఇసక సగానికి సగం కొట్టుకుపోయింది. మళ్ళీ అలాగే, అంతకంటే గట్టిగా కట్టాలి. నేను చలిలో బస్సు కోసం నిలబడి, ముక్కు తుడుచుకుంటూ ఆఫీసుకొచ్చి, కొత్తగా పెళ్ళయిన జంటలు సూర్యాస్తమయం చూస్తూ స్నానం చేసే తొట్లు ఎక్కడ పెట్టాలో గీసేదాన్ని. నేనుండే ఒంటిగది స్టూడియో ఫ్లాట్‌లో తొట్టిలో కాళ్ళు చాపుకునే చోటు కూడా లేదు.

రోజూ మధ్యాహ్నం ఆయనతో వీడియో కాల్ ఉండేది. ఎంత తొందర పనున్నా ఆయన మొదటి మాట ఒకటే. "ఏమ్మా, ఏం కూర?"

మొదట్లో నేను నవ్వేసి, "కూరేం లేదంకుల్, బ్రెడ్ తిన్న" అనేదాన్ని. ఆయన తిట్టేవారు కాదు. అక్కడ వాళ్ళేం తిన్నారో చెప్పేవారు. మేక మాంసం, పచ్చి అరటికాయ, ఎర్ర చిక్కుడు గింజలు వేసిన అన్నం. ఆ ప్రశ్న నన్నొక్కదాన్నే కాదు, కరెంటు పనివాళ్ళనీ, పైకప్పు వేసేవాళ్ళనీ, టొరంటో నుంచి తనిఖీకి వెళ్ళిన దొరలనీ కూడా అడిగేవారట, ఇంగ్లీషులోకి మార్చకుండా. వాళ్ళకీ ఆ రెండు మాటలు అలవాటైపోయాయి. వంటావిడ ఆయన భుజం వెనక నుంచి తొంగి చూసి, తన యాసలో నన్ను అదే అడిగేది. ఒక్క మనిషి కోసం స్టౌ వెలిగించడం నాకెప్పుడూ దండగనిపించేది. రేపు మధ్యాహ్నం ఒకాయన అడుగుతారని తెలిశాక, ఆఫీసు నుంచి వస్తూ బెండకాయలు కొనడం మొదలుపెట్టాను. ఆ ఫోన్ లేని శని, ఆదివారాల్లో మళ్ళీ బ్రెడ్డే.

ఆయన పని పద్ధతి ఒకటి చెప్పాలి. సైట్లో ఉండేవాళ్ళకి వేరే బస లేదు. పూర్తికాని గదుల్లోనే పరుపులు వేసుకుని ఉండేవారు. ఒక గది పూర్తవుతుందనగా పరుపు చుట్టుకుని పక్క గదికి మారేవారు. కాపురం మారుస్తున్నానమ్మా అని ఫోన్లో చూపించేవారు. సిమెంటు గోడ, మేకుకి వేలాడే చొక్కా, కిటికీకి తలుపుల్లేవు. అంత ఖరీదైన రిసార్ట్ కట్టించిన మనిషి దాంట్లో తయారైన మంచం మీద ఒక్కసారి కూడా పడుకోలేదు. కంపెనీ వాళ్ళు పక్క ఊళ్ళో మంచి ఇల్లు చూస్తామంటే వద్దన్నారు.

"ఖాళీగా ఉంచితే ఇల్లు తొందరగా పాడైపోద్దమ్మా. మనిషి మసులుతుంటే ఎక్కడ కారుద్దో, ఎక్కడ గాలి ఈలేస్తదో తెలుస్తది" అనేవారు.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయని కాదు. మొదటి వరస గదులు పూర్తయినప్పుడు ఒక ఘనకార్యం చేశారు. కొత్త నేల మీద బూట్లతో తిరుగుతారా అని, లోపల పని మిగిలి ఉన్నవాళ్ళందరి చేతా గుమ్మం బయట బూట్లు విప్పించారు. సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ప్రతి గది ముందూ వరసగా బూట్లు. లోపల మేకులు కొట్టేవాళ్ళు సాక్సులతో ఉన్నారు. పని ఆపించేశాడు. ఆఫీసులో పెద్ద గొడవ. ఏమిటంకుల్ ఇది అని నేను అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. చెప్పులతో ఇంట్లోకి ఎలా వెళ్తారమ్మా అన్నారు. చివరికి వంటావిడ తడిసి పాడైన పాత పరదాలు చింపి, బూట్లకి తొడిగే గుడ్డ సంచులు కుట్టింది. పూల పూల సంచులు తొడుక్కుని పెద్ద పెద్ద మగాళ్ళు నడుస్తున్న ఫొటో మా ఆఫీసు గోడ మీద చాలాకాలం ఉంది.

సగానికి పైగా పని అయ్యాక ఇంకో హరికేన్ వచ్చింది. నాలుగైదు రోజులు ఫోన్లు లేవు. ఆఫీసులో అందరం తెర మీద ఆ తెల్లటి సుడిని చూస్తూ కూర్చున్నాం. లైన్ కలిసిన రోజు బొమ్మ రాలేదు, గొంతొక్కటే వచ్చింది. ముందు నన్ను ఏం కూరని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. వండలేదని చెప్పాను. కిటికీలు పోయాయి, పైకప్పులు నిలబడ్డాయి, మనుషులందరూ ఉన్నారు అన్నారు. అతిథుల గదులకంటే ముందే సిబ్బంది భోజనాల హాలు కాంక్రీటుతో కట్టించారు ఆయన, యజమానులు సణుగుతున్నా వినకుండా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పిల్లాపాపల్తో అందులోకే వచ్చారట.

ఆ వారమంతా యజమానులు ఎటూ తేల్చలేదు. మళ్ళీ కట్టడమా, ఉన్నది ఉన్నట్టు అమ్మేసుకోవడమా అని తర్జనభర్జన. అంకుల్ ప్రతిరోజూ అడిగేవారు, పని ఆగిపోద్దా అమ్మా అని. ఆ రోజుల్లోనే ఒకసారి తన చిన్నప్పటి తుఫాను గురించి చెప్పారు. వాళ్ళ ఊళ్ళో గుడిసె అన్నది మిగల్లేదు. చర్చి ఒక్కటే నిలబడింది. ఊరు ఊరంతా వారాల తరబడి అందులోనే ఉంది. ఒకటే పొయ్యి, ఒకటే గుండిగ, వరసగా కూర్చుని అందరికీ ఒకటే గంజి.

"ఈ రోజులు బాగున్నాయమ్మా అన్నాను మా అమ్మతో. చెంప పగలగొట్టింది. ఆవిడ తమ్ముడు పోయాడు మరి ఆ నీళ్ళల్లో. నాకేం తెలుసు? నాకు అందరితో కలిసి తినడమే తెలుసు" అన్నారు.

అది చెప్పి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఈ మనిషి ఎందుకు ఆ శిథిలాల మధ్య అంత కులాసాగా ఉన్నారో నాకు అర్థమైంది. కట్టినకొద్దీ, ఒక్కో గది తయారైనకొద్దీ, ఆయన నార్త్ యార్క్‌లో తాళం వేసిన ఫ్లాట్‌కి ఒక్కో గది దగ్గరవుతున్నారు. అది తెలిసి కూడా గబగబా, శుభ్రంగా పని చేస్తున్నారు. పని కొనసాగించాలని యజమానులు నిర్ణయించిన రోజు ఆయన నాకు సముద్రం చూపించారు. ఎప్పుడూ చూపించేవారు కాదు. పైపులూ తీగలే చూపించేవారు.

అన్నీ పూర్తయ్యాయి, ఒక్క గది తప్ప. ఒడ్డు చివర, రాళ్ళ పక్కన ఉన్న గది. అంకుల్ పరుపు అందులోకి చేరింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. ఆ గది తలుపు ఒక్కటే బిగించాలి. మొదటి తలుపు ఉప్పు గాలికి వంగిందని తిప్పి పంపారు. రెండోది రంగు కలవలేదన్నారు. మూడోది మూస్తుంటే చప్పుడు చేస్తోందన్నారు. తలుపులు ఓడలో రావాలి, ఒక్కోదానికి వారాలు పట్టేది. మేనేజర్‌కి తల తిరిగిపోయింది. అంత పట్టుదల మనిషికి వయసుతో చాదస్తం కూడా వచ్చిందేమో, నువ్వు మీ భాషలో అడిగి చూడు అన్నాడు నాతో.

ఆ మధ్యాహ్నం నేను ఆయన్ని తలుపు మూసి తెరిచి చూపించమన్నాను. చూపించారు. నాకు చప్పుడేమీ వినపడలేదు.

"అంకుల్, తలుపు మంచిగనే ఉంది గదా."

ఆయన తలుపు రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"బాగానే ఉందమ్మా."

"మరి?"

"ఇది బాగుందని రాసేస్తే ఇక నేను ఇంటికెళ్ళాల."

తోచింది చెప్పాను. "రండి. నేనున్నా గదా అంకుల్ ఇక్కడ."

"నువ్వుంటావు. పొద్దున్నే ఆఫీసుకెళ్తావు" అన్నారు. కోపంగా అనలేదు. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు.

మర్నాడు ఆ తలుపు ఒప్పుకుంటున్నట్టు మేనేజర్‌కి కబురు పెట్టారు. వారం తిరక్కుండా దిగారు. ఎయిర్‌పోర్టుకి నేనే వెళ్ళాను. ఎండకి నల్లబడి, చిక్కిపోయి, ఒక్క పెట్టెతో వచ్చారు. బయటికి రాగానే చలిగాలి తగిలి ముఖం పక్కకి తిప్పుకున్నారు. ఇద్దరం దారంతా తలుపుల గురించీ, కిటికీల గురించీ మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత రెండు శీతాకాలాలు ఆయన ఆ ఫ్లాట్‌లో ఉన్నారు. కూతురు మాంట్రియల్ వచ్చేయమంది. వెళ్ళి రెండు వారాలుండి తిరిగొచ్చారు. ఆ అమ్మాయి ఉద్యోగం తెల్లారుతూనే మొదలవుతుంది, బయట వినపడే ఫ్రెంచి ఈయనకి రాదు. ఇక్కడైతే చర్చి ఉంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అందర్నీ ఇంటికి భోజనానికి పిలవడం మొదలుపెట్టారు. పెద్ద గిన్నె ఒకటి కొన్నారు. మొదటి వారం హాలు పట్టనంత మంది వచ్చారు. చదువుకునే పిల్లలు, హాస్పిటల్లో పనిచేసే నర్సులు, ఆఫీసు నుంచి మేం. తర్వాత ఒకరికి షిఫ్ట్, ఒకరికి పరీక్షలు, ఒకరు లండన్‌కి మారారు, మంచు పడినరోజు అసలెవరూ రారు. ఇందులో ఎవర్నీ అనడానికి లేదు. ఈ ఊళ్ళో బతుకులే అలా ఉంటాయి. చివరికి ఆ గిన్నె చుట్టూ ఆయనా నేనూ మిగిలాం. నాకు చాలా ఆదివారాలు కూడా పని పడడం మొదలయ్యాక ఆయన ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి, రిసార్ట్ తెరిచాక అక్కడే పనికి కుదిరిన వంటావిడ వాళ్ళ భోజనాల వేళకి కాల్ చేసి, వాళ్ళు తింటుంటే తనూ తినేవారు.

వారం మధ్యలో షాపింగ్ మాల్లో కూర్చునేవారు. కొనేది ఏమీ లేదు. ఒకసారి ఆఫీసు పని మీద అటు వెళ్ళి దూరం నుంచి చూశాను. బెంచీ మీద, కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఎప్పుడైనా లేచి వెళ్ళాల్సిన మనిషిలా కూర్చుని ఉన్నారు. దగ్గరకెళ్తే, ఇక్కడ నేల బాగా వేశారమ్మా అని పాలరాయి అతుకులు చూపించారు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం చాలాసేపు వచ్చేపోయేవాళ్ళని చూశాం. అంత మంది మధ్య నాకు అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు. ఆయనకి రోజూ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. వారానికి ఒక సాయంత్రం నేనిచ్చే తోడు ఆ భోజనాల హాలుకి ఏ మూలకీ సరిపోదు. ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు. తెలిసే తలుపు ఒప్పుకున్నారు.

అయినా నా మీద ఆయనకి చిన్న ఫిర్యాదు కూడా లేదు. నేను ఇవాళ ఒక్కదాన్ని ఉన్నా అన్నం, కూర వండుకుని కూర్చుని తింటున్నానంటే అది ఆయన పెట్టిన అలవాటు. ఆ మాట ఆయనతో అననేలేదు. అంటే ఇబ్బందిపడి పైపుల గురించి మాట్లాడేవారు.

కూతురు మాంట్రియల్ నుంచి వచ్చాక ఆయన ఫోన్ తెరిచింది. ద్వీపం నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. వీళ్ళంతా ఎవరని ఇంగ్లీషులో అడిగింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. నాకు తెలిసిందంతా చెప్పాను, తలుపు సంగతితో సహా. చాలాసేపు ఫోన్ తిప్పుతూ కూర్చుంది. పని అవలేదు, కంపెనీ వదలడం లేదు అని డాడీ నాతో చెప్పేవాడు, నేను మీ కంపెనీని తిట్టుకునేదాన్ని అంది. ఒక్కసారి రమ్మని ఉంటే నేనే అక్కడికి వెళ్ళేదాన్ని కదా అంది. ఇద్దరం కలిసి ఆయన చొక్కాలు మడతపెట్టాం.

సమాధి దగ్గర ప్రార్థన తొందరగానే ముగిసింది. గాలికి పాస్టర్ గారి చేతిలో పేజీలు నిలవలేదు. ఆంటీ పక్కనే ఆయనకి చోటు. వచ్చినవాళ్ళు తలా గుప్పెడు మట్టి వేసి, నా భుజం తట్టి, కార్ల వైపు నడిచారు. కాస్త అవతల ఇద్దరు పనివాళ్ళు చిన్న యంత్రం పక్కన ఆగి ఉన్నారు. ఇక్కడ వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాకే మిగతా మట్టి పోసి గొయ్యి పూడుస్తారు. నేను అక్కడే నిలబడ్డాను. కూతురు కూడా కదల్లేదు. ఆ పనివాళ్ళలో పెద్దాయన దగ్గరకొచ్చి, ఇంకా చాలాసేపు పడుతుంది, మీరు లోపల వెచ్చగా కూర్చోండి అన్నాడు. అయ్యేదాకా ఉంటామని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన తలూపి వెనక్కి వెళ్ళాడు.

మట్టి గడ్డకట్టి ఉంది. ముక్కలు ముక్కలుగా పడింది. చివర్లో యంత్రం ఆపేసి పారలతో సర్దారు. పెద్దాయన పార వెనక వైపుతో చదును చేసి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని, చేతి తొడుగులు దులుపుకున్నాడు. రెండోవాడు సామాను ట్రక్కులో పెడుతున్నాడు. బాగానే చేశారు. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఆ మూల ఇంకా కొంచెం ఎత్తుగా ఉంది" అన్నాను.

పెద్దాయన వచ్చి ఆ మూల మళ్ళీ సర్దాడు. సర్ది, ఇప్పుడు సరేనా అన్నట్టు మా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయేలోపు కూతురు చెయ్యెత్తి, కాళ్ళ వైపు కూడా, అంది. ఆయన అటు చూశాడు. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. పార తీసుకుని అటువైపు నడిచాడు.